ఎల్మ్ బోన్సాయ్: గాలి అంటు ముందా, మాను కోత ముందా? రాయలసీమ ఎండకు సరిపడే ఎంపిక

అనంతపురం చుట్టుపక్కల దానిమ్మ తోట ఉన్న ఇంట్లో పుట్టినవారికి గాలి అంటు, అంటే కొమ్మ చెట్టు మీద ఉండగానే దానికి వేళ్లు రప్పించి విడదీయడం, కొత్త విద్యేమీ కాదు. కొమ్మ చుట్టూ ఉంగరంలా బెరడు తీయడం, తడి నాచు పెట్టడం, ప్లాస్టిక్ కాగితం చుట్టి రెండు కొసలా బిగించడం చూస్తూ పెరిగి ఉంటారు. ఇలా గూటీలు కట్టడం తెలియని దానిమ్మ రైతు అరుదు. అయినా మిద్దె మీద కుండీలో చైనీస్ ఎల్మ్‌ను బోన్సాయ్‌గా, అంటే పొట్టిగా పెద్ద చెట్టు రూపంలో, పెంచుకుంటున్నవారు నన్ను ఎక్కువగా అడిగేది దీని గురించే. చెట్టు పొడుగ్గా సాగిపోయింది, నేల దగ్గరి మొదలు కాస్త లావెక్కింది, ఇప్పుడు పైభాగానికి అంటు కట్టాలా, నేరుగా మాను కోసేయాలా? కోస్తే ఏ నెలలో?

బోన్సాయ్ పుస్తకాల్లో, వీడియోల్లో ఎక్కువగా కనిపించే జవాబు ఇది: చలికాలం చివర మాను కోయండి, వసంతంలో ఆకు ముదిరాక అంటు కట్టండి, ఆకు రాలేలోగా విడదీయండి. ఆ జవాబు పుట్టిన ఊళ్లలో చలికాలం మంచు పడుతుంది, మే నెల హాయిగా ఉంటుంది. మన మే నెలలో కర్నూలు, కడపల్లో ఎండ 42 డిగ్రీలు దాటడం మామూలే. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు. అటువంటి ఎండలో పిడికెడు నాచులో అప్పుడే పుట్టిన వేరు బతకడం చాలా కష్టం. అక్కడి తోటమాలి చలికి భయపడి పనుల వేళలు పెట్టుకున్నాడు. మనం వైశాఖ జ్యేష్ఠాల ఎండకు భయపడి పెట్టుకోవాలి. నేను కింద ఇచ్చే సలహాలన్నీ ఈ ఒక్క మార్పు నుంచి వచ్చినవే. నెలలతో పాటు కార్తెలు కూడా రాస్తున్నాను. వానను, ఎండను లెక్కపెట్టడానికి మన రైతులు తరతరాలుగా వాడుతున్న కొలత అది.

## ముందు చెట్టును చదవండి

రంపం తీసేముందు తెలుసుకోవలసిన మొదటి సంగతి, చెట్టులో ఆహారం ఇప్పుడు ఎక్కడుంది అన్నది.

ఆకులో తయారైన ఆహారం బెరడు లోపలి పొర గుండా కిందికి దిగుతుంది. వేళ్లు పీల్చిన నీరు చెక్క గుండా పైకి ఎక్కుతుంది. గాలి అంటులో బెరడు తీస్తాం, చెక్కను ముట్టుకోం. అందుకే పైభాగానికి నీరు అందుతూనే ఉంటుంది, కిందికి దిగే ఆహారం మాత్రం కోత పై అంచు దగ్గర ఆగిపోతుంది. అక్కడ పోగుపడిన ఆహారంతోనే కొత్త వేళ్లు పుడతాయి. కాబట్టి అంటు కట్టేనాటికి చెట్టు నిండా ముదిరిన ఆకు ఉండాలి.

మాను కోతది దీనికి తిరగేసిన లెక్క. కోశాక ఒక్క ఆకూ మిగలకపోవచ్చు. మోడు మళ్లీ చిగురించాలంటే వేళ్లలో, మాను మొదలులో దాచుకున్న ఆహారమే ఆధారం. అది కిందికి చేరి నిలవ ఉండి, మొగ్గలు ఉబ్బుతూ ఇంకా పగలని రోజుల్లో కోయాలి. చిగురు పగిలి లేత ఆకు విచ్చుకుంటున్న రెండు మూడు వారాలు ఈ రెండు పనులకూ చెడ్డకాలం. అప్పటికి నిలవ ఖర్చయిపోయి ఉంటుంది, కొత్త ఆకు సంపాదన ఇంకా మొదలై ఉండదు. చూడటానికి చెట్టు పచ్చగా, ఉత్సాహంగా ఉంటుంది కాబట్టి చాలామంది సరిగ్గా ఆ రోజుల్లోనే కత్తి పెడతారు.

రెండోది మొదలు లావు. నేల దగ్గర మాను వ్యాసానికి ఆరు రెట్లు చెట్టు ఎత్తు ఉంటే చూపుకు నిండుగా ఉంటుందన్నది బోన్సాయ్‌లో పాత లెక్క. 30 సెంటీమీటర్ల చెట్టు కావాలంటే మొదలు 5 సెంటీమీటర్లు ఉండాలి. తొలి కోత పూర్తి ఎత్తులో మూడో వంతు దగ్గర, అంటే 10 సెంటీమీటర్ల దగ్గర పడుతుంది. అక్కడి నుంచి కొత్త కొమ్మను పైకి నడిపించి, అది కాస్త లావయ్యాక మళ్లీ కోసి, మళ్లీ నడిపిస్తే మాను కింద లావుగా, పైకి పోనుపోను సన్నగా తేలుతుంది. మొదలు అనుకున్న లావుకు రాకముందే కోస్తే ఆ చెట్టు కుండీలో ఇక ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. కింద లావు చేసేది పైనున్న ఆకు సంపదే.

చాలామంది గమనించని సంగతి ఒకటుంది. అంటు ఉంగరం తీసిన రోజు నుంచి ఆ ఉంగరం కింది మాను లావెక్కడం దాదాపు ఆగిపోతుంది, పైనుంచి వచ్చే ఆహారం అక్కడికి చేరదు కాబట్టి. వేళ్లు కూడా పాత నిలవ మీదే బతకాలి. ఉంగరం కింద ఒకటి రెండు కొమ్మలు ఆకుతో ఉంటే ఆ కష్టం చాలావరకు తీరుతుంది. అవి లేని చెట్టుకు అంటు కట్టడమంటే, పైన బిడ్డను పెంచుతూ కింద తల్లిని పస్తు పెట్టడమే. పైభాగం మీద మోజుతో తల్లి మాను సంగతి మరిచిపోవద్దు. ఎల్మ్‌లో అసలు సొత్తు ఆ మొదలే.

మూడోది, పైభాగం అంటుకు తగినదేనా? బొటనవేలంత లావు, చూడదగ్గ వంపు, రెండు మూడు కొమ్మలు ఉంటే తగినదే. పెన్సిలంత సన్నగా నిటారుగా సాగినదైతే దాని కోసం ఒక వానాకాలం ధారపోయడం నాకు నచ్చదు. చైనీస్ ఎల్మ్ కొమ్మ ముక్కలకు వానల్లో సులువుగా వేళ్లొస్తాయి. కుండీ మార్చేటప్పుడు కత్తిరించిన లావుపాటి వేరు ముక్కలు కూడా మొలుస్తాయి. ఇంత దయగల చెట్టుకు ప్రతి పుల్లకూ గూటీ అక్కర్లేదు.

నాలుగోది వేళ్ల సత్తువ. ఈ ఏడాది కుండీ మార్చి వేళ్లు కత్తిరించి ఉంటే ఆ చెట్టుకు అంటూ వద్దు, మాను కోతా వద్దు. ఒక ఏడు వదిలేయండి.

చివరిది నీరు. ఏప్రిల్, మే నెలల్లో రోజుకు రెండుసార్లు నీళ్లు పోసే మనిషి ఇంట్లో ఉన్నారా? ఆ నీరు ఎలాంటిది? అనంతపురం ప్రాంతంలో బోరు నీరు చాలాచోట్ల ఉప్పదనంతో, సున్నపుదనంతో ఉంటుంది. కుండీ అంచున తెల్లని పొర కట్టడం మీరూ చూసి ఉంటారు. ఆకు ఈనెలు పచ్చగా ఉండి వాటి మధ్యనున్న భాగం పసుపుబారితే ఆ నీటిని అనుమానించాలి. అంటు కట్టే నాచును ఆ నీటిలో నానబెట్టవద్దు. వాన నీరు పట్టి ఉంచుకోండి, నాలుగు సీసాలు చాలు.

## మొదటి దారి: సంక్రాంతికీ శివరాత్రికీ మధ్య నేరుగా మాను కోత

మన వేడికి చైనీస్ ఎల్మ్ పూర్తిగా ఆకు రాల్చదు. డిసెంబరు, జనవరిలో కొంత ఆకు పసుపుబారి రాలి, సంక్రాంతి దాటాక కొమ్మల కణుపుల దగ్గర మొగ్గలు ఉబ్బుతాయి. అదే అదను. మహాశివరాత్రి మార్చిలో వచ్చిన ఏడు మాత్రం పండుగ దాకా ఆగకుండా ఫిబ్రవరి సగానికే ముగించాలి.

కోత తొలిసారి అడ్డంగా, సమంగా ఉండనివ్వండి. అనుకున్న చోటుకు రెండు మూడు సెంటీమీటర్లు పైన కోయండి, అంచు కొంత ఎండి దిగుతుంది. ఎల్మ్ బెరడు ఈ కాలంలో చెక్క నుంచి తేలికగా ఊడి వస్తుంది. రంపం పెట్టేచోట ముందుగా గుడ్డపట్టీ గట్టిగా చుట్టి దానిమీదే కోస్తే బెరడు చీలదు. కోత గాయానికి పూసే బోన్సాయ్ ముద్ద దొరక్కపోతే తోటల్లో వాడే బోర్డో పేస్టు చాలు: వంద గ్రాముల మైలుతుత్తం, వంద గ్రాముల సున్నం, లీటరు నీరు. మైలుతుత్తాన్ని, సున్నాన్ని సగం సగం నీటిలో వేరువేరుగా కలిపి తర్వాత ఒకటి చేయాలి. ఇనుప పాత్ర వాడకూడదు.

కొన్ని వారాల్లో కోత అంచు చుట్టూ చిగుళ్లు గుంపుగా వస్తాయి. అవి చూసి ఆనందపడి అన్నింటినీ ఉంచేయకండి. గుంపు చిగుళ్లు ఉన్నచోట మాను ఉబ్బి ముద్దలా తయారవుతుంది, ఆ ఉబ్బు తర్వాత పోదు. జానెడు పెరిగేలోగా మూడు నాలుగు మాత్రమే మిగల్చండి. వాటిలో పైకి నడిచేదాన్ని వానలు మొదలయ్యాక ఎంచుకుని, దాని వెనుక వైపుకు వాలుగా రెండో కోత వేయండి.

నేరుగా కోసిన మోడు ఎక్కువ నీళ్లతో చస్తుందే గాని తక్కువ నీళ్లతో కాదు. ఆకు లేని చెట్టు నీరు తాగదు. చిగురు వచ్చేదాకా పై మట్టి ఆరాకే నీరు పోయాలి. పడమటి ఎండ బోడి మాను మీద పడకుండా షేడ్ నెట్ గాని గోనెసంచి గాని అడ్డం కట్టాలి.

ఈ దారిలో పోయేది పైభాగం. కలిసివచ్చేది సమయం. ఎండలు ముదిరేలోగా చిగురుకు రెండు నెలలు దొరుకుతాయి, వేళ్లు అసలు కదలలేదు కాబట్టి వేసవిని తట్టుకుంటాయి. మొదలు లావు సరిపోయి, పైభాగంలో ఏమీ లేని చెట్టుకు ఇంతకంటే మంచి పని లేదు.

## రెండో దారి: ఆరుద్రలో అంటు, స్వాతిలో విడదీత, మాఘంలో కోత

పైభాగం విలువైనదైతే నేను ఎంచుకునేది ఇదే. మన దానిమ్మ రైతులు కూడా వానాకాలంలోనే గూటీలు కడతారు. వాళ్ల చెట్టు వేరు, మన చెట్టు వేరు, కానీ గాలిలో తేమ ఇద్దరికీ ఒకటే.

మృగశిర కార్తె (జూన్ రెండో వారం) ప్రవేశించి తొలి వానలు పడ్డాక ఎల్మ్ ఒక విడత చిగురిస్తుంది. ఆ చిగురు ముదిరేదాకా ఆగి, ఆరుద్ర, పునర్వసు కార్తెల్లో, అంటే జూన్ చివరి వారం నుంచి జూలై 20 లోపు కట్టడం ఉత్తమం. పుష్యమి దాటితే వేళ్లు రావడానికి సమయం చాలదు.

ఉంగరం వెడల్పు దగ్గర పిసినారితనం వద్దు. ఎల్మ్‌కు గాయం పూడ్చుకునే శక్తి చాలా ఎక్కువ. ఉంగరం ఇరుకైతే వేళ్లు వేయకుండా పై బెరడు కింది బెరడును అందుకుని వంతెన కట్టేస్తుంది. మాను వ్యాసానికి ఒకటిన్నర నుంచి రెండు రెట్లు వెడల్పు తీయండి. బెరడు ఊడదీశాక చెక్క మీద జిగటగా మిగిలే పలుచని పొరను కత్తి అంచుతో గీకి, తెల్లని చెక్క పొడిగా కనబడేలా చేయాలి. వంతెన కట్టేది ఆ పొరే. వేళ్లు పుట్టేది ఉంగరం పై అంచున కాబట్టి దాన్ని మాత్రం కొత్త బ్లేడుతో సమంగా కోసి, వేరు హార్మోను పొడి అద్దండి. రేపటి చెట్టుకు నేల మట్టం ఆ గీతే. అది వంకరగా ఉంటే వేళ్లు ఒక పక్క పైన, ఒక పక్క కింద వస్తాయి.

ఉంగరం ఎక్కడ తీయాలన్నది తొందరపడి తేల్చే విషయం కాదు. తల్లి మానుకు మీరు అనుకున్న కోత గీత ఎక్కడో ముందు సుద్దతో గుర్తు పెట్టండి. ఉంగరం కింది అంచు ఆ గీతకు కనీసం మూడు సెంటీమీటర్లు పైన ఉండాలి. విడదీశాక ఉంగరం చుట్టూ ఉన్న చెక్క ఎండుతుంది, ఆ ఎండు మీ కోత గీత దాకా దిగకూడదు.

నాచు వాన నీటిలో నానబెట్టి, పిండితే రెండు మూడు చుక్కలు మాత్రమే కారేలా పిడిచి చుట్టాలి. స్ఫాగ్నమ్ నాచు దొరక్కపోతే కొబ్బరిపొట్టును రెండుసార్లు కడిగి వాడవచ్చు, ఉప్పు పోవాలి కాబట్టి కడగడం తప్పనిసరి. ప్లాస్టిక్ కాగితం మీద వంటింటి అల్యూమినియం రేకు మెరుపు బయటికి ఉండేలా చుడితే లోపల వేడెక్కదు. నాకు ఇంకా నమ్మకమైన పద్ధతి, చిన్న ప్లాస్టిక్ కుండీని నిలువునా చీల్చి మాను చుట్టూ అమర్చి, తీగతో బిగించి, నాచుతో నింపడం. పై నుంచి రోజూ చూడవచ్చు, నీరు పోయవచ్చు. కట్టి మూసేసిన నాచు పైకి తడిగా కనబడి లోపల ఎండిపోవడం నేను చాలాసార్లు చూశాను.

గాలి గురించి అనంతపురం వారికి ప్రత్యేకంగా చెప్పాలి. రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టింది ఎందుకో జూన్, జూలై నెలల్లో మన మిద్దె మీద నిలబడితే తెలుస్తుంది. ఆ పడమటి గాలికి మాను ఊగితే నాచులో అప్పుడే పుట్టిన వేళ్లు తెగిపోతాయి. మానుకు ఒక వెదురు కర్ర నాటి అంటుకు పైనా కిందా కట్టండి. ఇది చేయనివారి అంటు రెండు నెలలైనా వేరు వేయదు, తప్పేమో నాచు మీద వేస్తారు.

ఆరు నుంచి పది వారాల్లో వేళ్లు కనబడతాయి. తెల్లని వేరు కనబడగానే కోయవద్దు. అవి గోధుమ రంగుకు తిరిగి, మళ్లీ వాటికి పిల్లవేళ్లు పుట్టి, ప్లాస్టిక్ వెంబడి చుట్టుకునే దాకా ఆగాలి. చిత్త, స్వాతి కార్తెల్లో, అక్టోబరు రెండో వారం నుంచి నవంబరు మొదటి వారం లోపు విడదీస్తే పిల్ల చెట్టుకు ఎండాకాలానికి ముందు నాలుగు నెలలు చేతిలో ఉంటాయి. ఈ నాలుగు నెలల కోసమే ఇంత లెక్క. విడదీసేటప్పుడు నాచు విప్పకండి. వేళ్లతో సహా అలాగే జల్లెడ పట్టిన ఇటుక ముక్కలు, ఎర్రమట్టి, ఇసుక కలిపిన మట్టిలో పెట్టి, కుండీకి కదలకుండా కట్టి, మూడు వారాలు నీడలో ఉంచండి.

తల్లి మాను సంగతికి వస్తే, విడదీసిన రోజు దాన్ని ఇంకా కిందికి కోయాలన్న ఉబలాటం కలుగుతుంది. ఆపుకోండి. నాలుగు నెలలుగా పై ఆహారం లేని వేళ్లు అవి. కింది కొమ్మలు ఉంటే వాటిని స్వేచ్ఛగా పెరగనిచ్చి, సుద్ద గీత దగ్గర అసలు కోతను సంక్రాంతి తర్వాతకు వాయిదా వేయండి. అప్పటికి నిలవ మళ్లీ కొంత చేరుతుంది.

## మూడో దారి: మాఘంలో అంటు, ఎండకు ముందే విడదీత

ఇది పుస్తకాల దారి, నేను మొదట నడిచిన దారి కూడా. ఫిబ్రవరి చివర అంటు కట్టాను. వేడికి వేళ్లు నిజంగానే తొందరగా వచ్చాయి, ఏప్రిల్ రెండో వారానికి ప్లాస్టిక్ లోంచి తెల్లగా కనబడ్డాయి. అంత ఆనందం ఎన్నడూ కలగలేదు. ఆ వారమే విడదీసి కుండీలో పెట్టాను. పొద్దున, సాయంత్రం నీళ్లు పోశాను, షేడ్ నెట్ కింద ఉంచాను. మే నెలలో ఒక పెళ్లికి ఒక్కరోజు ఊరు వెళ్లి వచ్చేసరికి ఆకు మొత్తం గలగలలాడుతోంది. దాన్ని పారేయడానికి నాకు నెల పట్టింది.

బెంగళూరులో ఇదే పని ఇదే నెలల్లో చేసి చక్కగా నెగ్గినవారు ఉన్నారు. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉంది. అనంతపురం 350 మీటర్ల లోపు, కడప 140 దరిదాపుల్లో. అక్కడి నర్సరీవారి సలహా అక్కడికి నిజమే. చెట్టును కారులో పెట్టుకుని వచ్చినంత తేలికగా దాని క్యాలెండరును తెచ్చుకోలేం.

ఈ దారిలో ఒక్క సవరణకు నేను ఒప్పుకుంటాను. మాఘంలో కట్టినా విడదీయకుండా వేసవి అంతా తల్లి మీదే ఉంచి, మృగశిర తర్వాత వేరు చేయడం. అందుకు చీల్చిన కుండీ పద్ధతి తప్పనిసరి, రెండు పూటలా నీరు తప్పనిసరి. అప్పటికీ దీని వల్ల రెండో దారి కంటే కలిసివచ్చేది నాలుగు నెలలే.

## నాలుగో దారి: వానల్లో నేరుగా కోత

జనవరి, ఫిబ్రవరి అదను తప్పినవారికి ఇది రెండో అవకాశం. మృగశిర, ఆరుద్రల్లో కోసిన ఎల్మ్ వేడికి, తేమకు వేగంగా చిగురిస్తుంది. నిలవ ఆహారం మాత్రం మాఘంలో ఉన్నంత ఉండదు, చిగురు కొంచెం పలుచన. తడి గాయానికి బూజు పట్టే ప్రమాదం ఎక్కువ కాబట్టి బోర్డో పేస్టు రెండుసార్లు పూయాలి. నేలలో ఉన్న బలమైన చెట్టుకైతే నిశ్చింతగా చేయవచ్చు, కుండీలో ఉన్నదానికి వద్దంటాను.

## ఐదో దారి: ఈ ఏడాది ఏమీ చేయకపోవడం

నన్ను అడగడానికి వచ్చే చెట్లలో ఎక్కువవాటికి నేను చెప్పేది ఇదే, వినేవారు తక్కువ. మొదలు మూడు సెంటీమీటర్లు కూడా లేని చెట్టుకు కోత మాట ఎందుకు? చేను గాని, పెరట్లో మూరెడు నేల గాని ఉంటే దాన్ని కుండీ లోంచి తీసి నేలలో నాటండి. అడుగున ఒక నాపరాయి పలక పెట్టండి, కడప, బేతంచెర్లల పుణ్యమా అని మనకు ఆ ముక్కలకు కొదవ లేదు. రాయి అడ్డుపడి వేళ్లు కిందికి దిగకుండా నలుదిక్కులా పక్కలకు పరుచుకుంటాయి. బోన్సాయ్‌కు కావలసిన వేరు అందం అదే. డ్రిప్పు ఉంటే ఒక గొట్టం అటు మళ్లించండి. పైన ఎంత పొడుగు సాగితే సాగనివ్వండి, చూడటానికి పిచ్చి పొదలా ఉన్నా సరే. నేలలో ఒక ఏడాదిలో వచ్చిన లావు కుండీలో మూడేళ్లకు రావడం నేను చూడలేదు.

నేల లేనివారు పెద్ద తొట్టిలోకి మార్చుకోవచ్చు. సిమెంటు తొట్టిని నేరుగా మిద్దె బండల మీద పెట్టకండి. మధ్యాహ్నం బండ కాలి కింది వేళ్లు ఉడుకుతాయి. నాలుగు ఇటుకల మీద ఎత్తి పెడితే చాలు.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| దారి | ఎప్పుడు | దక్కేది | వదులుకునేది | వేసవి ముప్పు |
|---|---|---|---|---|
| నేరుగా కోత | సంక్రాంతి – శివరాత్రి | బలమైన చిగురు, ఒక ఏడు ఆదా | పైభాగం మొత్తం | తక్కువ |
| వానాకాలం అంటు, మాఘం కోత | ఆరుద్ర – స్వాతి, తర్వాత జనవరి | రెండు చెట్లు | ఆ వానాకాలపు మొదలు లావు | తక్కువ |
| మాఘం అంటు, ఏప్రిల్ విడదీత | ఫిబ్రవరి – ఏప్రిల్ | వేగంగా వేళ్లు | చాలాసార్లు పిల్ల చెట్టునే | చాలా ఎక్కువ |
| వానల్లో కోత | మృగశిర – ఆరుద్ర | తప్పిన అదను | కొంత చిగురు బలం | లేదు, బూజు ముప్పు ఉంది |
| ఆగడం | ఏడాది, రెండేళ్లు | మొదలు లావు, వేళ్లు | ఓపిక | నేలలో తక్కువ |

## ఊరిని బట్టి చిన్న తేడాలు

మూడు ఊళ్లూ ఒకే సీమలో ఉన్నా వాన తీరు ఒకటి కాదు. అనంతపురానికి ఏడాది మొత్తం మీద పడేది సుమారు 550 మిల్లీమీటర్లు, అందులోనూ సెప్టెంబరుదే పెద్ద వాటా. జూలైలో మబ్బు ఉంటుంది, గాలి ఉంటుంది, వాన ఉండదు. కాబట్టి ఇక్కడ అంటుకు రోజూ నీటి తనిఖీ మానకూడదు. కర్నూలు వైపు నైరుతి వానలు కాస్త నయం, జూలై మొదటి వారంలో కట్టినవి హస్త కార్తెకే సిద్ధమైతే సెప్టెంబరు చివర విడదీయడానికి భయం లేదు. కడపకు అక్టోబరు, నవంబరు నెలల్లో బంగాళాఖాతం వాయుగుండాల వాన కూడా అందుతుంది. అది విడదీసిన పిల్ల చెట్టుకు వరం, కానీ రోజుల తరబడి ముసురు పట్టినప్పుడు కుండీని చూరు కిందికి జరపండి.

## ఎవరికి ఏది

ఒక్కటే చెట్టు ఉన్న కొత్తవారు అంటుతో మొదలుపెట్టవద్దు. ఆ ఒక్క చెట్టును ఒక ఏడు బాగా పెంచి, ఈలోగా నాలుగు రూపాయల గన్నేరు కొమ్మ మీదో మందార కొమ్మ మీదో అంటు కట్టి చేయి అలవాటు చేసుకోండి.

నర్సరీలో ఎస్ ఆకారంలో వంచి అమ్మే ఎల్మ్ కొన్నవారు చాలామంది ఉన్నారు. ఆ వంపుల్లో ఒకే లావు ఉండి పాముపిల్లలా కనిపిస్తుంది. వాటికి రెండో దారి అచ్చంగా సరిపోతుంది. పై వంపు మొదలైనచోట అంటు కట్టండి, పైది ఒక చిన్న వాలు చెట్టవుతుంది, కింద మిగిలిన పొట్టి మాను నుంచి అసలైన చెట్టు పెరుగుతుంది. ఇలాంటి చెట్లకు నేల దగ్గర వేళ్లు ఒక పక్కే ఉంటే, పైన కాకుండా మొదట్లోనే మట్టికి కాస్త పైన ఉంగరం తీసి, చుట్టూ ఎత్తుగా మట్టి కట్టి కొత్త వేళ్లు రప్పించవచ్చు. కాలం అదే, ఆరుద్ర. ఓపిక మాత్రం రెట్టింపు కావాలి.

ఉద్యోగరీత్యా వేసవిలో నెల రోజులు ఊరు వదిలేవారికి మొదటి దారి కూడా సందేహమే. ఏప్రిల్ చిగురు నీళ్లు లేక ఎండితే మోడుకు మళ్లీ చిగురించే నిలవ ఉండదు. వాళ్లకు నేలలో నాటి ఆగడమే క్షేమం, లేదా అంటు కట్టి అక్టోబరులో పిల్లను వేరే మిత్రుడి చేతికి ఇచ్చి, తల్లికి మాఘం కోత మానేయడం.

పొలం ఉన్నవారికి ఇంకో మాట. మన చేల గట్ల మీద కనిపించే నెమలినార కూడా ఎల్మ్ కుటుంబానిదే. ఆకు పెద్దది, నలిపితే చెడు వాసన, కాబట్టి చిన్న కుండీకి పనికిరాదు. రెండడుగుల పెద్ద బోన్సాయ్‌కు మాత్రం చక్కగా ఒదుగుతుంది. అది చలికాలంలో ఆకు రాల్చి, ఆకుకు ముందే పూస్తుంది. దానికి మాను కోత పూత మొదలయ్యేలోగా ముగించాలి. గట్టు మీది చెట్టును తవ్వి తెచ్చేముందు చేను యజమానిని అడగండి.

ఈ వారం మీ చెట్టు దగ్గర చేయవలసిన పని ఒక్కటే ఉంది. సుద్దముక్క తీసుకుని మూడు గీతలు గీయండి: రేపు మీరు కోయాలనుకునే చోటు, అంటు కట్టాలనుకునే చోటు, ఆ రెంటికీ కింద ఆకుతో ఉన్న కొమ్మ. మూడో గీతకు కొమ్మ దొరక్కపోతే ఈ ఏడు అంటు ఆలోచన మాని, మాను మొదలు దగ్గర వచ్చే చిగుళ్లను గిల్లకుండా పెంచడం మొదలుపెట్టండి.